మెసలకూడని వేళ

మెసలకు అంటారు గాని ఎంతవరకు కదిలితే మెసిలినట్టో ఎవరూ చెప్పరు. కళ్ళు మూసి తెరవడం మెసలడమేనా? ఊపిరి తీస్తే పొట్ట లేచి పడుతుంది కదా, అది లెక్కలోకి వస్తుందా? ఇలా వెల్లకిలా, కాళ్ళు బారజాపి, చేతులు రెండూ పక్కల పెట్టుకుని పడుకున్నాక ఇలాంటి ప్రశ్నలే వస్తాయి. పైన ఫ్యాను రెక్కల అంచున దుమ్ము కనిపిస్తోంది. కనిపించగానే అది తుడవవలసింది నేనే అని గుర్తొస్తోంది. స్టూలు ఎక్కడుందో, తడిగుడ్డ ఏ కొక్కేనికి వేలాడుతోందో, తుడిచాక కింద రాలిన నలక ఎవరు ఊడవాలో, అన్నీ వరసగా గుర్తొస్తున్నాయి. తలలో తిరిగేది కూడా మెసలడమే అయితే, నేను ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి ఒక్క గడియ మెసలకుండా లేను.

"ఈసారన్నా తిన్నగా పడుకో. మెసలకు," అంటూ మా అత్తగారు కన్యాకుమారి గది గుమ్మంలో పీట వేసుకుని, జపమాల పట్టుకుని కూర్చుంది. ఇవాళ ఫాల్గుణ పున్నమి. చంద్రుడు గ్రహణంతోనే పొడుస్తాడట. కడుపుతో ఉన్నవాళ్ళకే కాదు, బాలింతకి కూడా పనికిరాదట. మధ్యాహ్నం నుంచే ఆవిడ ఊరగాయ జాడీల మీద, పెరుగుగిన్నె మీద, మంచినీళ్ళ బిందె మీద దర్భ పరకలు వేసింది. ఆఖరున ఈ గదిలోకి వచ్చి నా పొట్ట మీద ఒకటి, పక్కన నిద్రపోతున్న బాబు మీద ఒకటి వేసింది. ఊరగాయ జాడీకీ నాకూ ఆవిడ దృష్టిలో ఉన్న తేడా ఒక్కటే. జాడీకి మెసలకు అని చెప్పనక్కర్లేదు.

ఈసారన్నా. ఆ ఒక్క మాటలో నా మీద మోపిన నేరమంతా ఉంది. పోయినసారి గ్రహణానికి నేను మెసిలాననీ, అందుకే నా కొడుకు పేగు మెలిపడిందనీ రాజాం బజారులో మా మావగారు బంగారురాజు గారి గోనెసంచుల కొట్టుకి వచ్చేవాళ్ళకి తెలుసు, పాలు పోసే ఆవిడకి తెలుసు, ఎదురు మేడ మీద బట్టలారేసుకునే వాళ్ళకి తెలుసు. పిల్లాణ్ణి చూడడానికి వచ్చినవాళ్ళు ముందు వాడి పొట్ట మీద అడ్డంగా ఉన్న కుట్ల మచ్చ చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు. ఆ రెండో చూపు ఎలాంటిదో నాకు బాగా అలవాటయింది. బిడ్డని పారేసుకుని దొరికించుకున్నదాన్ని చూసినట్టు చూస్తారు.

పోయినసారి అంటే భాద్రపద పున్నమి. నాకు ఐదో నెల. అప్పటికింకా పగలంతా కొట్లోనే ఉండేదాన్ని. బిల్లులు కంప్యూటర్లో కొట్టేది నేనే. "ఇంటి పిల్ల, దానికి జీతమేటి?" అంటారు మావయ్య, నన్ను గౌరవిస్తున్నాననుకుని. ఆ రోజు పెందలాడే పంపించేశారు. ఇల్లు కడిగి, గిన్నెలు తోమి, ఇదే గదిలో, ఇదే పరుపు మీద పడుకున్నాను. మెడ తిప్పితే పిల్లాడికి మెడ వంకర, కాలు ముడిస్తే కాలు వంకర, గోరు గిల్లుకుంటే పెదవి చీలిక అని అత్తయ్య అప్పచెప్పింది. నేను బీఎస్సీ చదివాను. అందులో ఒక్కటీ నమ్మలేదు. నమ్మకపోయినా మెసలలేదు. నమ్మకపోవడానికీ మెసలకపోవడానికీ మధ్య ఒక సందు ఉంది. నాలాంటి వాళ్ళం చాలామందిమి ఆ సందులోనే బతుకుతాం. మనకి నమ్మకం లేదు సరే, రేపు ఏదైనా జరిగితే? జరిగిననాడు నమ్మనిదాన్నే కదా వేలెత్తి చూపిస్తారు.

అలా పడుకుని ఉండగా ఫోను మోగింది. మా ఆయన ప్రమోద్. డాబా మీద స్నేహితులతో చంద్రుణ్ణి చూస్తున్నాడు. "మోటారు ఆపడం మరిసిపోనాం. ట్యాంకు పొంగిపోతన్నాది. బేగి కట్టెయ్." అత్తయ్య గ్రహణం పట్టు స్నానానికి వెళ్ళింది. నేను లేచి, గోడ పట్టుకుని, వెనక వసారా దాకా నడిచి, స్విచ్చి ఆపి, తిరిగి వచ్చి వెల్లకిలా పడుకున్నాను. దాన్ని మెసలడం అంటారని ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు. పని చేస్తే మెసలడం ఎలా అవుతుంది?

బాబు పుష్యమాసంలో పుట్టాడు. మా అమ్మ లేదు గనుక పురుడు అత్తవారింట్లోనే జరిగింది. నాకు పురుడు పోయడం అత్తయ్య నాకు చేసిన మేలు. ఆ సంగతి మరిచిపోతానేమోనని రోజూ గుర్తు చేసేది. శొంఠి, వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం, చెవుల్లో దూది. ఆవిడ పెట్టిందే తిన్నాను, ఆవిడ కట్టమన్నట్టే తలకి గుడ్డ కట్టాను. నెల తిరగకుండానే ఒక సాయంత్రం బాబు నా భుజం మీద గుడ్డలో కక్కాడు. పాలు కాదు. ఆకు నూరి పిండినట్టు, ముదురు ఆకుపచ్చ.

"ఓలమ్మ, ఇదేటి! గుంటడు పసరు కక్కుతన్నాడు," అంది అత్తయ్య. వాడి వైపు కాదు, నా వైపు తిరిగింది. "నువ్వేటి తిన్నావు?"

"మీరు పెట్టిందే అత్తయ్యా."

"మీ పిన్ని గరివిడి నుంచి తెచ్చిన క్యారేజీలో గోంగూర పచ్చడి ఉన్నాది. నిజం సెప్పు. ముట్టావా నేదా?"

పిన్ని తెచ్చింది ఇంట్లో వాళ్ళకి. నేను ముట్టలేదు. మూత తీసినప్పుడు ఆ వాసనకి నోట్లో నీళ్ళూరిన మాట నిజం. పచ్చటి ఆకు, పచ్చటి కక్కు. ఆవిడకి లెక్క సరిపోయింది. నాకు సరిపోలేదు గాని, ఆ పూట ఒక పిచ్చి భయం పట్టుకుంది. తినకపోయినా తినాలని కోరుకున్నాను కదా, కోరిక కూడా పాలలోకి దిగుతుందా? సిగ్గుతో ఆ మాట ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా ఒక మనిషిని నెలల తరబడి ముద్ద ముద్దకీ కాపలా కాస్తే, చివరికి ఆ మనిషే తనకి కాపలా కాసుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు కాపలాదారు ఇంటికెళ్ళి నిద్రపోవచ్చు.

ఆవిడ ఆ గుడ్డ జాడించి దండెం మీద ఆరేసి, కొడుకుతో అంది: "డాక్టరుకాడ పసరు మాట ఎత్తకు. బాలింత సేత పత్తెం కూడా సేయించలేకపోనారా అని నవ్వుతారు." ఆవిడకీ ఒక భయం ఉంది, కాదనను. పురుడు సరిగ్గా పోయలేదని ఆవిడని కూడా ఎవరో ఎప్పుడో వేలెత్తి చూపించే ఉంటారు. కానీ ఆవిడ భయానికి అద్దె కట్టింది నా కొడుకు.

ఊళ్ళో పిల్లల డాక్టరు దగ్గర ప్రమోద్ కుర్చీలో కూర్చున్నాడు, అత్తయ్య పక్క కుర్చీలో కూర్చుంది, నేను బాబుని పట్టుకుని వెనక నిలబడ్డాను. డాక్టరు ప్రమోద్‌ని అడుగుతాడు, ప్రమోద్ వాళ్ళమ్మ మొహం చూస్తాడు, ఆవిడ చెబుతుంది. "పాలు కక్కుతన్నాడండి." ఎన్నిసార్లు, ఉచ్చ పోస్తున్నాడా, నిద్ర ఎలా పోతున్నాడు, అన్నీ అలాగే నడిచాయి. ఆ పాలు ఎవరివో, ఆ నిద్ర ఎవరి ఒళ్ళోనో ఆ డాక్టరుకి అనుమానం రాలేదు. "పసరులా..." అని నేను నోరు తెరిచాను. "పాలేనండి. తేపు రాక కక్కేస్తన్నాడు," అని అత్తయ్య నా మాట మీద తన మాట పరిచేసింది. చుక్కల మందు రాసిచ్చి, పాలు పట్టాక భుజాన వేసుకోమని చెప్పి పంపించేశాడు.

మర్నాడు పొద్దున్న మళ్ళీ అదే రంగు. కాళ్ళు పొట్టకి లాక్కుని కాసేపు గిలగిల్లాడాడు. తర్వాత ఏడుపు ఆపేశాడు. "మందు పట్టింది. హాయిగా పడుకున్నాడు," అన్నారు. నా ఒళ్ళో ఉన్నవాడు హాయిగా లేడని నాకు తెలుసు. వాడి బరువు మారింది. నిద్రపోయే బిడ్డ ఒళ్ళో ఒదుగుతుంది. వీడు జారిపోతున్నాడు. ఈసారి గుడ్డ దండెం దాకా పోనివ్వలేదు. మడిచి సంచిలో పెట్టుకున్నాను. అత్తయ్య స్నానానికి వెళ్ళగానే మెట్లు దిగి, కింద ఉన్న కొట్టు ముందునుంచి కాకుండా వెనక సందులోంచి నడిచి, ఆటో ఎక్కాను. దీన్ని ధైర్యం అనను. ఒక పెద్ద భయం వచ్చి చిన్న భయాలన్నిటినీ తొక్కేసింది, అంతే. పెద్ద భయం పోయాక చిన్నవి మళ్ళీ లేచి కూర్చుంటాయని అప్పటికి తెలియదు.

డాక్టరు బల్ల మీద గుడ్డ విప్పాను. ఆయన లేచి నిలబడ్డాడు. "ఈ రంగు నిన్న ఎందుకు చెప్పలేదమ్మా? నెలల పిల్లలు ఆకుపచ్చగా కక్కితే ముందు పేగు సంగతే చూడాలి." చదువుకున్నదానిలా ఉన్నావు, ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూశాడు. నిన్న మీరు నన్ను అడగలేదు కదా అనాలనుకున్నాను. ఆయన అప్పటికే శ్రీకాకుళంలో స్కానింగ్ డాక్టరుకి ఫోన్ చేస్తున్నాడు. నేను ప్రమోద్‌కి చేశాను. కారు తీసుకుని వచ్చాడు. దారి పొడుగునా ఒకే మాట అన్నాడు: "అమ్మకి సెప్పకుండా ఒచ్చీసేవేటి?"

స్కానింగ్ గదిలోకి అడుగు పెట్టగానే గోడ మీద బోర్డు కనబడింది. ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు. ఇలాంటి బోర్డు కిందే కడుపుతో ఉన్నప్పుడు నేను ఎన్నోసార్లు పడుకున్నాను. ప్రతిసారీ తెర అటువైపే ఉండేది. నా పొట్ట మీద చల్లటి జెల్లీ, పైకప్పుకేసి నా చూపు, నా మీదుగా డాక్టరుకీ ప్రమోద్‌కీ మాటలు. "అంతా బాగానే ఉందండి." "థాంక్సండి." ఇద్దరు మనుషులు ఒక బల్లకి ఇటూ అటూ నిలబడి మాట్లాడుకుంటారు చూడండి, అలా. ఆ బల్ల నేనే.

ఇక్కడి డాక్టరు పేరు ఆశ్రిత. నాకంటే కాస్త పెద్దదేమో. జెల్లీని ముందు తన అరచేతుల మధ్య రుద్ది వెచ్చబెట్టి వాడి పొట్ట మీద రాసింది. తెరకి దగ్గరగా జరుగుతున్న ప్రమోద్‌తో, "మీరు బాబు కాళ్ళు కదలకుండా పట్టుకోండి," అంది. నాతో, "అమ్మా, మీరిటు రండి," అంది. తర్వాత తెర పట్టుకుని నా వైపు తిప్పింది.

మొదట అంతా బూడిద మబ్బులా ఉంది. ఆవిడ ఒక మీట నొక్కగానే అందులో ఎరుపూ నీలమూ వెలిగాయి. "ఇది పేగుకి రక్తం తీసుకెళ్ళే నాళం. ఇది తిరిగి తెచ్చేది. మామూలుగా ఈ రెండూ పక్కపక్కనే తిన్నగా ఉండాలి. చూశారా, ఒకటి రెండోదాన్ని చుట్టేసింది." స్నానాల గదిలో తూము దగ్గర నీళ్ళు తిరిగినట్టు, వాడి వేలెడు పొట్టలో రంగులు గుండ్రంగా తిరుగుతున్నాయి. "దీన్ని సుడి అంటాం. పేగు మొత్తం మెలిపడింది. రక్తం పూర్తిగా ఆగిపోకముందు విప్పాలి. విశాఖపట్నం ఇప్పుడే బయల్దేరండి, సర్జన్ గారితో నేను మాట్లాడతాను."

నేను కదలలేదు. అడగకూడని వేళ అని తెలిసీ అడిగాను. "నేను ఏదైనా తినడంవల్ల అయిందా అండీ?"

ఆవిడ నా మొహం చూసింది. ఆ ప్రశ్న కొత్తగా విన్నట్టు లేదు. "కాదు. మూడో నెల దాటకముందే పిండంలో పేగులు ఒక వరసలో తిరిగి సర్దుకోవాలి. కొందరిలో సర్దుకోవు. ఆకుపచ్చగా వచ్చేది లోపలి పైత్యం, మీ తిండి కాదు. మీరు తిన్నదీ కాదు, చేసిందీ కాదు. ఇక వెళ్ళండి."

పేగు దక్కింది. మెలి పడింది గడియారం ముల్లు తిరిగే దిక్కుకట, సర్జన్ గారు ఎదురు దిక్కుకి తిప్పి విప్పారట. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే నల్లబడిపోయేదని చెప్పారు. ఆసుపత్రి వసారాలో బెంచీ మీద ప్రమోద్ ఏడ్చాడు. అప్పటికి మావయ్యతో కలిసి వచ్చేసిన అత్తయ్య కొడుకు వీపు నిమిరింది. నిమురుతూ, "ఎందుకయ్యిందంట?" అని అడిగింది.

"గోంగూర కాదంటమ్మా. కడుపులో ఉన్నప్పుడే పేగు సరిగా తిరగలేదంట."

నా భుజాల మీంచి ఏదో దిగినట్టయింది. ఒక్క క్షణమే.

"కడుపులో ఉన్నప్పుడా?" ఆవిడ చెయ్యి ఆగింది. "గ్రహణం! నాననుకుంటానే ఉన్నాను. గ్రహణం నాడు మెలి తిరిగి పడుకునుంటాది." నా వైపు తిరిగింది. "మెసిలావేటి? సెప్పు."

లేదంటే అబద్ధం. అవునంటే నేరం. రెంటికీ మధ్య ఒక మోటారు స్విచ్చి ఉంది, ఆ మాట చెప్పవలసినవాడు నా ఎదురుగా ఉన్నాడు. నేను ప్రమోద్ వైపు చూశాను. కళ్ళు తుడుచుకుని ఫోను తీశాడు. తెర మీద వేలితో ఏదో పైకి తోస్తూ కూర్చున్నాడు. నా మౌనాన్ని అత్తయ్య ఒప్పుకోలు కింద రాసేసుకుంది. డాక్టర్లే చెప్పారు, కడుపులో అయిందట. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

వార్డులోకి వచ్చాక, ఇద్దరమే ఉన్నప్పుడు, ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఇప్పుడదంతా ఎందుకు? గుంటడు బతికాడు, సాలదా? మోటారని సెప్తే అమ్మ నన్ను అంటాది."

"నన్ను అంటే ఫర్వాలేదా?"

"నిన్ను ఎలాగూ అంటన్నాది కదా."

కోపంగా అనలేదు. ఎండలో ఆరేసిన బట్ట మీద ఇంకో బట్ట ఆరేస్తే తప్పేమిటన్నట్టు, చాలా మామూలుగా అన్నాడు. ఆ మామూలుతనమే నన్ను ఇప్పటికీ నిద్రలోంచి లేపుతుంది.

నా దగ్గర జవాబు లేక కాదు. పేగులు సర్దుకునేది మూడో నెల లోపు. గ్రహణం నాటికి నాకు ఐదో నెల. స్కూలు పిల్లకి చెప్పినా అర్థమవుతుంది. ఆ వాదన రోజూ తలలో తిరగేసుకునేదాన్ని. అన్నం వండుతూ, బాబు గుడ్డలు పిండుతూ, ఎవరో ఒకరికి అప్పచెప్పినట్టు అనుకునేదాన్ని. ఒకరోజు అనుకుంటూ అనుకుంటూ మధ్యలో ఆగిపోయాను. ఆ గ్రహణం నా రెండో నెలలో వచ్చి ఉంటే? అప్పుడు నా దగ్గర ఏ జవాబూ ఉండేది కాదు. అప్పుడు నేను దోషినే అయ్యేదాన్నా? ఎంత తెలివైన జవాబు చెప్పినా బోనులో నిలబడే చెబుతున్నాను. అందులోకి ఎక్కమని ఎవరూ నన్ను చెయ్యి పట్టుకుని లాగలేదు. గోంగూర వాసనకి నోరూరిన రోజునే నా అంతట నేను ఎక్కాను. ఇవాళ కూడా పడుకో అనగానే వచ్చి పడుకున్నాను. చిన్న భయాలు లేచి కూర్చున్నాయి.

బాబు కదిలాడు. నిద్రలోనే మొహం అటూ ఇటూ తిప్పి, నోరు తెరిచి వెతుక్కుంటున్నాడు. వాడికి మెసలకు అని ఎవరూ చెప్పలేదు. దర్భ పరక ఎప్పుడో కాలితో తన్నేశాడు.

"అత్తయ్యా, పాలకి లేస్తున్నాడు."

"గ్రహణం ఇడుపు కానీ. తలకి పోసుకుని ఇద్దువు గాని."

"కొంచెం కొంచెంగా అయినా అడిగినప్పుడల్లా పట్టమన్నారు సర్జన్ గారు."

"ఒక్క పూట ఆలీసమైతే ఏటవదు. నీ మెసలడం వల్ల ఒకసారి అయినాది సాలదా?"

ఏడుపు అందుకున్నాడు. వాడు ఏడిస్తే పొట్ట మీది మచ్చ ఎర్రబడుతుంది. నా రొమ్ములు తడిశాయి, పాలు బట్ట దాటి పక్కలకి కారుతున్నాయి. వెల్లకిలా పడుకున్న ఒళ్ళు మెసలకుండానే తన పని తాను చేసుకుపోతోంది. ఆవిడ పూసలు గబగబా తిప్పుతోంది.

అప్పుడు కిటికీ అవతల నీళ్ళ చప్పుడు మొదలైంది. ముందు చుక్కలు, తర్వాత ధార. ఈసారీ చంద్రుణ్ణి చూడడానికి డాబా ఎక్కిన ప్రమోద్ పైనుంచి కేక వేశాడు. "హర్షితా! మోటారు! పోయిన గ్రహణానికి కట్టావు సూడు, అలగ బేగి కట్టెయ్!"

పూసలు ఆగిపోయాయి.

నేను తల తిప్పి అత్తయ్య మొహం చూశాను. ఆ మాట ఆవిడకి చేరింది. చేరడం నాకు కనిపించింది. పోయిన గ్రహణానికి ఎవరు లేపితే లేచానో, ఎవరి నీళ్ళకోసం లేచానో, అంతా ఆ మొహంలోకి వచ్చి ఒక్క క్షణం నిలబడింది. ఇన్నాళ్ళూ నేను ఎదురుచూసిన సాక్ష్యం అది. ఆయన నోటితో, ఆవిడ చెవిన. ఇప్పుడేమంటుందో అని పిచ్చిదానిలా ఎదురు చూశాను.

ఆవిడ కళ్ళు దించుకుంది. పూస ఒకటి ముందుకి జరిపింది.

"నాను జపంలో ఉన్నాను, నేవకూడదు," అంది. "నువ్వెల్లి కట్టేసి రా. నీళ్ళన్నీ పోతన్నాయి."

నేను పక్కకి తిరిగాను. పొట్ట మీది దర్భ పరక జారి పరుపు మీద పడింది. మోకాళ్ళు రెండూ ముడుచుకుని, బాబుని ఆ వంపులోకి లాక్కుని, రవిక విప్పి నోటికి అందించాను. ఏడుపు మధ్యలోనే తెగిపోయింది. గుమ్మానికి నా వీపు.

"హర్షితా, వినబడ్డం నేదా?" అని పైనుంచి. "ఒసే, నిన్నే," అని వెనకనుంచి. కిటికీ రేకు మీద నీళ్ళు దబదబా పడుతున్నాయి. ఆ చప్పుడులో వాడి గుటకలు వినబడడానికి నేను ఇంకాస్త వంగి పడుకున్నాను.